క్షేత్ర దత్తాంశాన్ని ఆర్‌లోకి దిగుమతి చేయడం: నాయుడుపేట ప్రాంతం ఉదాహరణగా

నాయుడుపేట పేరును ఇంగ్లీషు అక్షరాలలో నాలుగు విధాలుగా రాయడం కనిపిస్తుంది. మొదటి రెండు అక్షరాల తరువాత కొందరు 'వై, యు' వాడతారు, కొందరు 'ఐ' ఒక్కటే వాడతారు. చివరి 'ఏ'ను ఉంచేవారు ఉన్నారు, వదిలివేసేవారు ఉన్నారు. చదివేవారికి ఈ నాలుగూ స్వర్ణముఖి నది ఒడ్డున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిపై ఉన్న ఒకే పట్టణం. గణాంక విశ్లేషణకు వాడే ఆర్ భాషకు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు ప్రదేశాలు. వేర్వేరు వ్యక్తులు నింపిన పట్టికలను కలిపి మండలాలవారీగా వరి సగటు దిగుబడి అడిగితే నాయుడుపేటకు నాలుగు సగటులు వస్తాయి. ఎక్కడా హెచ్చరిక రాదు, లెక్క ఆగిపోదు.

దత్తాంశాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకునే దశలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. మొదటి రకంలో ఆర్ ఎర్ర అక్షరాలతో సందేశం ఇచ్చి ఆగిపోతుంది. విద్యార్థికి గంటో రెండు గంటలో వృథా అవుతాయి, అంతకు మించి నష్టం లేదు. రెండవ రకంలో ఫైలు సాఫీగా చదవబడుతుంది, పట్టిక తెరపై కనిపిస్తుంది, సగటులు, ఎఫ్ విలువలు, గ్రాఫులు అన్నీ వస్తాయి. కానీ ఆర్ చదివినది పరిశోధకుడు పొలంలో నమోదు చేసినది కాదు. ఈ రెండవ రకం పొరపాటు పరిశోధనా వ్యాసంలోకి, అక్కడి నుంచి సిఫారసులోకి, చివరకు రైతు పెట్టుబడిలోకి చేరుతుంది. అందువల్ల దిగుమతిని ప్రయోగంలో భాగంగానే పరిగణించాలి. నెల్లూరు తీరప్రాంతపు వరి, వర్షపాతం, భూమి నమోదుల ఆధారంగా ఈ రెండవ రకం పొరపాట్లను, వాటిని నివారించే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని దిగుబడి, వర్షపాతపు అంకెలు పద్ధతిని చూపడానికి తీసుకున్న లెక్కలు మాత్రమే.

కామా ఫైలు స్వభావం

న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల ఆరంభంలో ఆర్ భాషను రూపొందించారు. దీనికి మూలం బెల్ ప్రయోగశాలలలో 1976లో మొదలైన ఎస్ భాష. 1995లో ఆర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వెలువడింది, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. రుసుము లేకపోవడం, వ్యవసాయ ప్రయోగాల విశ్లేషణకు అగ్రికోలే వంటి ప్యాకేజీలు ఉండడం వల్ల వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు దీనిని విరివిగా వాడుతున్నారు.

పొలంలో నమోదైన అంకెలు సాధారణంగా ముందు ఎక్సెల్ పట్టికలోకి, అక్కడి నుంచి సీఎస్‌వీ ఫైలులోకి, ఆ తరువాత ఆర్‌లోకి వెళతాయి. సీఎస్‌వీ అంటే గడికీ గడికీ నడుమ కామా ఉంచిన సాదా పాఠం. దానిలో రంగులు ఉండవు, కలిపిన గడులు ఉండవు, సూత్రాలు ఉండవు. ముఖ్యంగా, ఏ నిలువు వరుస సంఖ్య, ఏది తేదీ, ఏది పేరు అన్న సమాచారం ఉండదు. ఈ ఫైళ్లకు ఒక సాధారణ వివరణను 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో పొందుపరిచినా, అది కూడా గడులను ఎలా వేరుచేయాలో చెబుతుందే తప్ప గడిలోని విలువ ఏ రకానిదో చెప్పదు.

కాబట్టి ఫైలును చదివే ప్రతి సాఫ్ట్‌వేర్ ఊహించవలసి వస్తుంది. ఆర్‌లోని రీడ్ డాట్ సీఎస్‌వీ అనే ఫంక్షన్ ఒక నిలువు వరుసలోని విలువలన్నీ అంకెలుగా కనిపిస్తే సంఖ్యగా, ఒక్కటి కాకపోయినా మొత్తం వరుసను అక్షరాలుగా తీసుకుంటుంది. రీడర్ ప్యాకేజీ, డేటా డాట్ టేబుల్ ప్యాకేజీలోని ఎఫ్‌రీడ్ ఫంక్షన్ కూడా తమ తమ పద్ధతులలో ఊహిస్తాయి. ఊహ చాలాసార్లు సరిగానే ఉంటుంది. సరిగా లేని సందర్భాలు ఏవో తెలుసుకోవడమే అసలు విషయం.

ఆర్‌కు చేరకముందే జరిగే నష్టం

కొన్ని పొరపాట్లు ఆర్ చదవడానికి ముందే ఎక్సెల్‌లో జరిగిపోతాయి. సర్వే నంబరు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక పొలం సర్వే నంబరు 12, ఉపవిభాగం 3 అయితే క్షేత్ర సిబ్బంది దానిని 12-3 అని రాస్తారు. ఎక్సెల్ గడిలో ఇలా టైపు చేసిన వెంటనే అది తేదీగా, అంటే మార్చి 12గా మారవచ్చు. ఉపవిభాగానికి అక్షరం కూడా ఉన్న పొలం నంబరు మాత్రం మారకుండా నిలుస్తుంది. ఫలితంగా ఒకే నిలువు వరుసలో కొన్ని పొలాలకు సర్వే నంబర్లు, కొన్నింటికి తేదీలు ఉంటాయి. ఈ పట్టికను భూమి రికార్డులతోనో ఈ-పంట నమోదుతోనో కలపబోతే తేదీలుగా మారిన పొలాలన్నీ జత కుదరక రాలిపోతాయి.

ఈ సమస్య మన ప్రాంతానికే పరిమితం కాదు. మానవ జన్యువులలో కొన్నింటి సంక్షిప్త నామాలు సెప్టెంబరు, మార్చి నెలల ఇంగ్లీషు పేర్లను పోలి ఉండడం వల్ల ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేది. ప్రచురిత పరిశోధనల అనుబంధ పట్టికలలో కూడా ఈ దోషం బయటపడింది. చివరకు జన్యువుల పేర్లను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చింది. సర్వే నంబర్లను మార్చడం మనకు సాధ్యం కాదు. ఆ నిలువు వరుసను టైపు చేయడానికి ముందే టెక్స్ట్ రకంగా నిర్ణయించడం ఒక్కటే మార్గం.

పొడవైన సంఖ్యలది మరొక ఇబ్బంది. సాధారణ గడిలో 11 అంకెలకు మించిన సంఖ్యను ఎక్సెల్ ఘాత రూపంలో చూపిస్తుంది. సీఎస్‌వీగా భద్రపరిచినప్పుడు గడిలో కనిపించే రూపమే ఫైలులోకి వెళుతుంది. అందువల్ల 12 అంకెల గుర్తింపు సంఖ్యలో మొదటి కొన్ని అంకెలు మాత్రమే మిగులుతాయి. అనేక మంది రైతులకు ఒకే సంఖ్య ఏర్పడవచ్చు. ఇటువంటి వ్యక్తిగత గుర్తింపు సంఖ్యలను పరిశోధనా ఫైలులో ఉంచకుండా ప్రతి రైతుకు ఒక క్రమసంఖ్య ఇవ్వడం గోప్యత దృష్ట్యా కూడా మేలు. ముందు సున్నాలు గల గ్రామ సంకేతాలకు ప్రమాదం రెండు చోట్ల ఉంది. 045 అనే సంకేతాన్ని ఎక్సెల్ 45గా మారుస్తుంది. అక్కడ తప్పించుకున్నా ఆర్ దానిని సంఖ్యగా ఊహించి 45గానే చదువుతుంది.

పట్టిక పరిమాణానికీ హద్దు ఉంది. పాత ఎక్సెల్ రూపంలో ఒక పట్టికకు 65,536 అడ్డు వరుసలే పడతాయి. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలను ఈ పాత రూపంలోకి చేర్చినప్పుడు హద్దు దాటిన వరుసలు మిగిలిపోయి 15,841 కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. ఆ వ్యక్తులతో సన్నిహితంగా మెలిగినవారిని గుర్తించే పని అంతమేరకు ఆలస్యమైంది. కొత్త రూపంలో హద్దు 10,48,576 వరుసలు. స్వయంచాలక వాతావరణ కేంద్రం నిమిషానికి ఒకసారి నమోదు చేస్తే రెండేళ్లలోపే ఈ హద్దు కూడా దాటుతుంది.

పుట్టి, సెంటు, కామా

నెల్లూరు ప్రాంతంలో ధాన్యాన్ని పుట్లలో లెక్కిస్తారు. ఇక్కడి పుట్టి 850 కిలోలు. ఇతర ప్రాంతాలలో పుట్టి తూకం వేరుగా ఉంటుంది. రైతుల నుంచి దిగుబడి వివరాలు సేకరించే సర్వేలో 60 మంది 2,550, 2,400 అని కిలోలలో చెప్పి, ఒకరు '3 పుట్లు' అని చెప్పారనుకుందాం. నమోదు చేసిన వ్యక్తి విన్నది విన్నట్టు రాశాడు. అందులో తప్పు లేదు, 3 పుట్లంటే 2,550 కిలోలే. కానీ ఆ ఒక్క గడి వల్ల ఆర్ నిలువు వరుస మొత్తాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది.

ఇప్పటి ఆర్‌లో ఈ స్థితి వెంటనే బయటపడుతుంది. సగటు అడిగితే హెచ్చరిక వస్తుంది. సంఖ్యలుగా మార్చబోతే ఆ గడి విలువ లభ్యం కానిదిగా, అంటే ఎన్‌ఏగా మారిందన్న సందేశం వస్తుంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌కు ముందు పరిస్థితి వేరు. అప్పట్లో రీడ్ డాట్ సీఎస్‌వీ అక్షరాల వరుసను తనంతట తానే ఫ్యాక్టర్‌గా, అంటే వర్గాల జాబితాగా మార్చేది. హెక్టారుకు టన్నులలో 5.2, 4.8, 6.1, '5.5 ట' అనే నాలుగు విలువలున్న వరుసను ఫ్యాక్టర్‌గా చేసి, దానిని నేరుగా సంఖ్యలుగా మారిస్తే 2, 1, 4, 3 అని వస్తుంది. అవి దిగుబడులు కావు, అక్షరక్రమంలో ఆ విలువల స్థానాలు. హెచ్చరిక ఏదీ ఉండదు. విభాగాలలో తరతరాల విద్యార్థులు అందిపుచ్చుకుంటున్న పాత ప్రోగ్రాములలో ఫ్యాక్టర్‌గా మార్చమనే ఆదేశం ఇంకా ఉండవచ్చు. వాటిని వాడేముందు ఆ ఒక్క పంక్తిని వెదకడం అవసరం.

సంఖ్యలలోని కామాలు కూడా ఇబ్బంది పెడతాయి. సాగు ఖర్చును 1,25,000 అని రాసిన గడి ఉద్ధరణ చిహ్నాల మధ్య లేకపోతే ఆర్‌కు అది మూడు గడులు: 1, 25, 000. చిహ్నాల మధ్య ఉంటే ఒకే గడి, కానీ అక్షరాల గడి. సంఖ్యలను కామాలు లేకుండా నమోదు చేయడమే సులభమైన పద్ధతి.

విస్తీర్ణం నమోదులో పొరపాటును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. 2 ఎకరాల 5 సెంట్లు అంటే 2.05 ఎకరాలు. చేతిరాతలో దీనిని 2.5 అని రాయడం అరుదు కాదు. ఆ పొలం నుంచి 5,125 కిలోల ధాన్యం వస్తే ఎకరా దిగుబడి 2,500 కిలోలు. 2.5 ఎకరాలుగా లెక్కిస్తే 2,050 కిలోలు మాత్రమే. దిగుబడి 18 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. 2,050 అన్నది నమ్మదగిన అంకె కావడం వల్ల గ్రాఫులో కూడా అది విడిగా నిలబడదు. ఎకరాలను ఒక నిలువు వరుసలో, సెంట్లను మరొక వరుసలో నమోదు చేసి, కలిపే పనిని ఆర్‌కు అప్పగిస్తే ఈ అయోమయానికి తావుండదు.

వరి రకం సంఖ్య అయినప్పుడు

నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన నెల్లూరు మషూరి రకానికి ఎన్‌ఎల్‌ఆర్ 34449 అన్న సంఖ్య ఉంది. కాటన్‌దొర సన్నాలు ఎంటీయూ 1010. సాంబ మషూరి బీపీటీ 5204. ప్రయోగ పట్టికలలో సౌకర్యం కోసం సంఖ్యను మాత్రమే రాయడం, లేదా రకాలకు 1 నుంచి 8 వరకు క్రమసంఖ్యలు ఇవ్వడం పరిపాటి. ఆర్ వీటిని సంఖ్యలుగానే చదువుతుంది. ఇక్కడి నుంచి పుట్టే దోషం బహుశా వ్యవసాయ విద్యార్థులకు అన్నిటికంటే ప్రమాదకరమైనది.

8 రకాలతో, 3 పునరావృతాలతో ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో వేసిన ప్రయోగాన్ని తీసుకుందాం. మొత్తం 24 మడులు, 23 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. సరైన విస్తృతి విశ్లేషణలో వీటిలో 2 పునరావృతాలకు, 7 రకాలకు, 14 దోషానికి చెందుతాయి. రకం, పునరావృతం అనే రెండు వరుసలనూ ఆర్ సంఖ్యలుగా తీసుకున్నప్పుడు పునరావృతాలకు 1, రకాలకు 1, దోషానికి 21 చొప్పున వస్తాయి. అప్పుడు ఆర్ పరీక్షించే ప్రశ్న 'రకాల మధ్య దిగుబడిలో తేడా ఉందా?' అన్నది కాదు. 'రకం క్రమసంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ దిగుబడి సరళరేఖలో పెరుగుతుందా, తగ్గుతుందా?' అన్నది. రకాలకు క్రమసంఖ్యలు ఇచ్చిన వరుసకు ఏ అర్థమూ లేదు కాబట్టి ఆ ప్రశ్నకూ అర్థం లేదు.

అయినా ఎఫ్ విలువ వస్తుంది, దాని పక్కన ప్రాముఖ్యతను సూచించే నక్షత్రాలు కూడా రావచ్చు. 5 శాతం స్థాయిలో 7, 14 డిగ్రీలకు ఎఫ్ పట్టిక విలువ సుమారు 2.76, 1, 21 డిగ్రీలకు సుమారు 4.32. నిజంగా మంచి రకం జాబితా మధ్యలో ఉంటే దాని ఆధిక్యత ఈ తప్పు విశ్లేషణలో కనిపించకుండా పోవచ్చు. మంచి రకాలు అనుకోకుండా జాబితా చివర ఉంటే ఫలితం ప్రాముఖ్యం గలదిగా తోచవచ్చు. ఫలితాల పట్టికలో మొదట చూడవలసినది నక్షత్రాలు కాదు, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. చికిత్సల సంఖ్య కంటే అది ఒకటి తక్కువగా లేకపోతే విశ్లేషణను అక్కడే ఆపాలి. దిగుమతి సమయంలోనే రకం, పునరావృతం, మడి అనే వరుసలను ఫ్యాక్టర్లుగా ప్రకటిస్తే ఈ సమస్య తలెత్తదు. చేతితో ప్రయోగం లెక్కలు వేసిన తరానికి ఈ పరీక్ష సహజంగా వచ్చేది. బటన్ నొక్కి ఫలితం పొందే తరానికి దానిని ప్రత్యేకంగా బోధించవలసి ఉంటుంది.

ఖాళీ గడికి అర్థం ఏమిటి?

నెల్లూరు తీరంలో ఏడాది వర్షంలో అధిక భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవన కాలంలో కురుస్తుంది. నారు పోసే తేదీ మొదలు చెరువు నీటి పంపకం వరకు ఈ మూడు నెలల లెక్కపైనే ఆధారపడతాయి. వర్షమాపక నమోదులో వాన కురవని రోజును కొందరు 0 అని, కొందరు చిన్న గీతతో సూచిస్తారు. కొందరు ఖాళీగా వదిలివేస్తారు. పరికరం పనిచేయని రోజునూ ఖాళీగానే వదలుతారు. కొలవలేనంత స్వల్ప జల్లుకు 'ట్రేస్' అని రాస్తారు. కొన్ని పాత రికార్డులలో లేని విలువకు 999 అని గాని, మైనస్ 99 అని గాని ఉంటుంది.

ఆర్ సంఖ్యల వరుసలోని ఖాళీ గడిని ఎన్‌ఏగా తీసుకుంటుంది. నవంబరు 30 రోజులలో 9 రోజులు వాన కురిసి మొత్తం 270 మిల్లీమీటర్లు నమోదైందని, మిగిలిన 21 గడులు ఖాళీగా ఉన్నాయని అనుకుందాం. సగటు అడిగితే ఆర్ ఎన్‌ఏ అని జవాబిస్తుంది. విద్యార్థి సాధారణంగా ఎన్‌ఏలను తొలగించమనే ఆదేశం చేర్చి మళ్లీ అడుగుతాడు. అప్పుడు 270ని 9తో భాగించి రోజుకు 30 మిల్లీమీటర్లు అని వస్తుంది. నిజమైన సగటు 270ని 30తో భాగించగా వచ్చే 9 మిల్లీమీటర్లు. అంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. 999 అన్న గుర్తును వర్షంగా చదివితే ఒక్క రోజే తీవ్ర తుపాను వచ్చినట్టవుతుంది. అది గ్రాఫులో కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. ఖాళీ గడులు కనిపించవు.

అందువల్ల నమోదు దశలోనే నియమం ఉండాలి: వాన లేకపోతే 0, కొలత లేకపోతే ఎన్‌ఏ, ఖాళీ గడి అసలు ఉండకూడదు. పాత రికార్డులను దిగుమతి చేసేటప్పుడు లేని విలువలకు వాడిన గుర్తులన్నింటినీ ఎన్‌ఏ స్ట్రింగ్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో పేర్కొనాలి. చిన్న గీతకు అర్థం 0 అయిన రికార్డులో దానిని ఎన్‌ఏగా ప్రకటించకూడదు. రికార్డు నిర్వహించినవారిని అడిగి నిర్ధారించుకోవాలి. భారత వాతావరణ శాఖ పద్ధతిలో వర్షపు రోజు అంటే 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి కురిసిన రోజు. ఆ రోజు ఉదయం 8.30 గంటలతో ముగిసే 24 గంటల వర్షం ఆ తేదీ కింద నమోదవుతుంది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు లెక్కించే స్వయంచాలక పరికరం రికార్డుతో దీనిని తేదీ ప్రకారం కలిపితే రెండు నమోదులు సరిపోలవు.

తేదీల తారుమారు

2015 నవంబరులో నెల్లూరు తీరంలో భారీ వర్షాలు కురిసి వరదలు వచ్చాయి. ఆ నెల 5వ తేదీ నమోదును 05/11/2015 అని రాస్తే భారతీయ పద్ధతిలో అది నవంబరు 5. అమెరికా పద్ధతిలో మే 11. కంప్యూటర్‌లో అమెరికా అమరిక ఉంటే ఎక్సెల్ ప్రతి నెలా 1 నుంచి 12 వరకు గల తేదీలను తారుమారు చేస్తుంది. 13 నుంచి నెలాఖరు వరకు గల తేదీలకు 13వ నెల లేనందున వాటిని పాఠంగా వదిలివేస్తుంది. ఈశాన్య రుతుపవన వర్షంలో కొంత భాగం మే నెలకు మారిపోయిన రికార్డు నుంచి విత్తే సమయం గురించి ఎటువంటి సలహా వెలువడుతుందో ఊహించవచ్చు.

ఆర్‌లో కూడా జాగ్రత్త అవసరం. తేదీ రూపం చెప్పకుండా 05/11/2015ను తేదీగా మార్చమంటే యాజ్ డాట్ డేట్ ఫంక్షన్ దానిని సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో చదువుతుంది. సంవత్సరం 5, నెల 11, రోజు 20 అని భావించి క్రీస్తుశకం 5వ సంవత్సరం నవంబరు 20 అని జవాబిస్తుంది. చివరి రెండు అంకెలను చదవకుండానే వదిలివేస్తుంది. హెచ్చరిక ఇవ్వదు. కొన్నిసార్లు తేదీ స్థానంలో 42313 వంటి సంఖ్య వస్తుంది. ఇది ఎక్సెల్ అంతర్గత దినసంఖ్య. 1899 డిసెంబరు 30ని మూలంగా ప్రకటిస్తే 2015 నవంబరు 5 తిరిగి లభిస్తుంది.

నమోదులో 2015-11-05 అని సంవత్సరం ముందుగా రాయడం, దిగుమతిలో ఆ వరుసను అక్షరాలుగా తీసుకుని క్రమాన్ని స్పష్టంగా తెలుపుతూ తేదీగా మార్చడం నమ్మదగిన పద్ధతి. మార్చిన వెంటనే అతి తక్కువ, అతి ఎక్కువ తేదీలను, నెలలవారీ నమోదుల సంఖ్యను చూడాలి. నవంబరులో 30 నమోదులు లేకపోతే కారణం వెదకాలి.

ఊరి పేర్లు, జిల్లా పేర్లు, తెలుగు లిపి

ఇంగ్లీషు రాతలోని గందరగోళం వల్ల పేర్లను తెలుగులోనే నమోదు చేస్తే మేలన్న ఆలోచన సహజం. అది మంచిదే, కానీ అక్కడా జాగ్రత్తలు ఉన్నాయి. నాయుడుపేటకు పొరుగున ఉన్న మండలాన్ని పెళ్లకూరు అని, పెళ్ళకూరు అని రెండు విధాలా రాస్తారు. కొన్ని పదాలలో పొల్లు తరువాత కంటికి కనబడని విభజక సంకేతం ఉంటుంది. అది ఉన్న పదం, లేని పదం ఆర్‌కు వేర్వేరు. 'నైరుతి'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి, పోల్చినప్పుడు సమానం కావు. స్ట్రింగి ప్యాకేజీలోని సాధారణీకరణ ఫంక్షన్లు ఐత్వం వంటి రూపాలను ఏకం చేస్తాయి. వర్ణక్రమ భేదాలను మాత్రం మనిషే సరిచేయాలి.

తెలుగు ఫైలును యూటీఎఫ్-8 సంకేత రూపంలో భద్రపరచాలి. విండోస్‌పై ఆర్ 2022లో వచ్చిన 4.2.0 నుంచి ఈ రూపాన్ని సహజంగా వాడుతోంది. అంతకు ముందు వెర్షన్లలో తెలుగు అక్షరాల స్థానంలో సంకేత సంఖ్యలు కనిపించడం మామూలు. ఎక్సెల్ యూటీఎఫ్-8 ఫైలు ఆరంభంలో చేర్చే గుర్తు వల్ల మొదటి నిలువు వరుస పేరు ముందు అర్థంలేని అక్షరాలు చేరవచ్చు. ఫైల్ ఎన్‌కోడింగ్ అనే ఆర్గ్యుమెంట్‌లో ఆ రూపాన్ని పేర్కొంటే అవి తొలగుతాయి. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు యూనికోడ్ కావు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి.

జిల్లా పేరుది మరో విధమైన సమస్య. నెల్లూరు జిల్లా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో నాయుడుపేట చేరింది. పాతిక సంవత్సరాల వరి విస్తీర్ణపు ఫైళ్లను జిల్లా, మండలం పేర్లతో కలిపితే ఒకే నాయుడుపేట మూడు ముక్కలుగా విడిపోతుంది. 2022లో నెల్లూరు జిల్లా వరి విస్తీర్ణం తగ్గినట్టు కనిపించే రేఖకు కారణం రైతులు కాదు, సరిహద్దు. ఇందుకు విరుగుడు ఒక చిన్న సమన్వయ పట్టిక: ఫైళ్లలో కనిపించిన ప్రతి పేరు ఒక వరుసలో, దానికి నిర్ణయించిన ఏకైక సంకేతం పక్క వరుసలో. దిగుమతి తరువాత ప్రతి ఫైలునూ ఈ పట్టికతో జత చేసి, జత కుదరని పేర్లను విడిగా చూడాలి.

వరుసల లెక్క

ఫైలులో ఉన్న వరుసలన్నీ ఆర్‌లోకి చేరాయా, లేనివి చేరాయా అన్నది మరో ప్రశ్న. శీర్షిక కింద 'కిలోలు', 'సెం.మీ.' అని కొలమానాల వరుస ఉంటే నిలువు వరుసలన్నీ అక్షరాలవుతాయి. పట్టిక చివర 'మొత్తం' అనే వరుస ఉంటే అది ఇంకొక రైతుగా లెక్కలోకి వస్తుంది, మొత్తం రెట్టింపవుతుంది. గ్రామం పేరును పది వరుసలకు కలిపి ఒకే గడిలో రాస్తే మొదటి వరుసకు మాత్రమే పేరు మిగులుతుంది.

రీడ్ డాట్ టేబుల్, రీడ్ డాట్ సీఎస్‌వీ ఫంక్షన్ల స్వభావంలోని తేడాలు కూడా గుర్తుంచుకోవాలి. మొదటిది హాష్ గుర్తు తరువాతి భాగాన్ని వ్యాఖ్యగా భావించి వదిలివేస్తుంది. ఇంటి నంబరు ముందు ఆ గుర్తు పెడితే మిగతా గడులు పోతాయి. అది ఒంటి ఉద్ధరణ చిహ్నాన్ని కూడా గడి హద్దుగా భావిస్తుంది కాబట్టి ఒక పేరులోని ఒక్క చిహ్నం అనేక వరుసలను మింగవచ్చు. రెండవది ఈ రెండు విషయాలలో సురక్షితం, కానీ గడులు తక్కువైన వరుసను మౌనంగా పూరిస్తుంది. నిలువు వరుసల సంఖ్యను మొదటి ఐదు పంక్తుల ఆధారంగా నిర్ణయిస్తుంది. ఆ తరువాత చిరునామాలో కామా వల్ల గడులు పెరిగిన పంక్తి వస్తే మిగిలిన భాగం కొత్త వరుసగా పడవచ్చు. 240 మంది రైతుల సర్వేలో 243 వరుసలు కనిపిస్తే ముందు వెదకవలసిన చోటు ఇదే.

ఆచరణలో పాటించవలసిన క్రమం

పై దోషాలన్నింటికీ మూలం ఒకటే: దత్తాంశం గురించి పరిశోధకుడికి తెలిసిన విషయాన్ని సాఫ్ట్‌వేర్ ఊహకు వదిలివేయడం. కాబట్టి పరిహారం కూడా ఒకటే, తెలిసిన దానిని ముందుగా రాసిపెట్టడం.

మొదటిది, వరుసల వివరణ పత్రం. ప్రయోగం రూపొందించే రోజునే ప్రతి నిలువు వరుస పేరు, అర్థం, రకం, కొలమానం, అనుమతించే కనిష్ఠ, గరిష్ఠ విలువలు, లేని విలువకు గుర్తు నమోదు చేయాలి. క్షేత్ర సిబ్బందికి ఇచ్చే పత్రం దీని నుంచే తయారు కావాలి.

రెండవది, మూల ఫైలు రక్షణ. పొలం నుంచి వచ్చిన ఫైలును మార్చకుండా భద్రపరచాలి. దిద్దుబాట్లన్నీ ఆర్ ప్రోగ్రాములోనే, కారణంతో సహా పంక్తులుగా ఉండాలి. '3 పుట్లు' 2,550గా ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో మారిందో రెండేళ్ల తరువాత కూడా తెలియాలి. సీఎస్‌వీ ఫైలును చూడటానికి ఎక్సెల్‌లో తెరిచి తిరిగి భద్రపరచడం మానుకోవాలి. ఆ ఒక్క చర్యతో తేదీలు, సున్నాలు మారవచ్చు.

మూడవది, రకాల ప్రకటన. కాల్ క్లాసెస్ అనే ఆర్గ్యుమెంట్ ద్వారా ప్రతి నిలువు వరుస రకాన్ని పేర్కొనాలి. సంఖ్యగా ప్రకటించిన వరుసలో '3 పుట్లు' వస్తే ఆర్ ఆగిపోయి దోషం చూపుతుంది. అలా ఆగిపోవడం ఇక్కడ మేలు చేస్తుంది. మౌనంగా జరిగే పొరపాటు కంటికి కనిపించే పొరపాటుగా మారుతుంది. రీడర్ ప్యాకేజీ వాడేవారు కూడా రకాలను ప్రకటించి, చదివిన తరువాత ప్రాబ్లమ్స్ ఫంక్షన్ ఇచ్చే జాబితాను చూడాలి. పేర్ల చివరి ఖాళీలను తొలగించడం రీడర్‌లో సహజంగా జరుగుతుంది. రీడ్ డాట్ సీఎస్‌వీలో స్ట్రిప్ వైట్ ఆర్గ్యుమెంట్ ద్వారా కోరాలి.

నాలుగవది, చదివిన వెంటనే తనిఖీ. డిమ్ ఫంక్షన్‌తో వరుసల సంఖ్య, స్ట్ర్ ఫంక్షన్‌తో రకాలు, సమ్మరీతో హద్దులు, ఎన్‌ఏల సంఖ్య, టేబుల్ ఫంక్షన్‌తో రకం, పునరావృతం, గ్రామం వారీ నమోదుల సంఖ్య చూడాలి. 8 రకాల, 3 పునరావృతాల ప్రయోగంలో ప్రతి జతకూ సరిగ్గా ఒక మడి ఉండాలి. చివరగా, క్షేత్ర పుస్తకం తెరిచి యాదృచ్ఛికంగా ఎంచుకున్న పది వరుసలను ఆర్‌లోని విలువలతో సరిపోల్చాలి. ఈ పనికి పది నిమిషాలకు మించి పట్టదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి ప్రపంచ ప్రసిద్ధి పొందిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, విశ్లేషణకు ముందు దత్తాంశాన్ని సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించాలని తన రచనలలో వివరించారు. సాక్షి చెప్పినదీ, గుమాస్తా రాసుకున్నదీ ఒకటేనా అన్నది ఆ ప్రశ్నలలో మొదటిదిగా ఉండాలి. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో విశ్లేషణ పద్ధతిని ఒక పేరాలో వివరించడం ఆనవాయితీ. దత్తాంశాన్ని ఎలా దిగుమతి చేశారు, లేని విలువలను ఎలా పరిగణించారు, ఎన్ని వరుసలు తొలగించారు, ఎందుకు తొలగించారు అన్న మరొక పేరా దానికి ముందు చేరాలి. మార్గదర్శకులు సంతకం చేసేముందు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పట్టికతో పాటు స్ట్ర్ ఫంక్షన్ ఫలితాన్ని కూడా చూపమని అడగవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతు సేవా కేంద్రాల నుంచి వచ్చే పట్టికలకు ఒకే వివరణ పత్రాన్ని, ఒకే గ్రామ సంకేతాల జాబితాను సీజను మొదలుకాకముందే అందిస్తే, ఈశాన్య రుతుపవనాలు ముగిసేనాటికి చేతికి వచ్చే ఫైళ్లు కలపడానికి సిద్ధంగా ఉంటాయి.